ముందే కట్టిన భోజనం డబ్బు వంటింట్లో ఏం చేస్తుంది?

దీపావళి అమ్మకాలు ముగిసి శివకాశి, సాత్తూరు ప్రాంతాల బాణసంచా పనులు కొంత సద్దుమణిగిన వేళల్లోనూ, మే నెల బడి సెలవుల్లోనూ విరుదునగర్, కోవిల్‌పట్టి పరిసరాల తెలుగు కుటుంబాలు ప్రయాణాలు కడతాయి. ఒకప్పుడు ఆ ప్రయాణాలు తిరుచెందూరు, పళని, కుట్రాలం వరకే సాగేవి. ఇప్పుడు మదురై దాపున ఉన్న అతిశయం, మేట్టుపాళయం వద్ద బ్లాక్ థండర్, కొచ్చి వండర్‌లా, హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ కూడా ఆ జాబితాలో చేరాయి. పిల్లలను అమెరికాకు పంపిన ఇళ్లవారు కొందరు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ వరకు వెళ్లి వస్తున్నారు. ఎక్కడికి వెళ్లినా టికెట్టు లేదా గది తీసుకునే వేళ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "భోజనం కలిపి వేయమంటారా, కలపకుండానా?"

ఇంటి పెద్ద సాధారణంగా కలిపి వేయమనే చెబుతాడు. వెళ్లిన చోట ప్రతి పూటా జేబులో చేయి పెట్టనక్కరలేదు, పిల్లలు అడిగిన ప్రతిదానికీ ధర చూసి కసరనక్కరలేదు అన్నది ఆయన ఆలోచన. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే తిరిగి వచ్చిన తరువాత "అంత డబ్బు కట్టించుకుని అలాంటి తిండి పెట్టారేమిటి" అన్న మాట కూడా ఆ ఇళ్లలోనే వినిపిస్తుంది. ముందుగా డబ్బు చేతిలో పడిన వంటశాల ఎందుకు అలా నడుచుకుంటుందో తెలిస్తే, ఎక్కడ ముందుగా కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో తేల్చుకోవడం సులభమవుతుంది.

పరోటా కొట్టులో లెక్క

విరుదునగర్ నూనె పరోటాకు పేరు పొందిన ఊరు. వెడల్పాటి పెనంలో నూనె పోసి కరకరలాడేటట్లు వేయించి, వేడి మీదనే ముక్కలు చేసి, సాల్నా పోసి ఇస్తారు. అక్కడ తిన్న తరువాతనే డబ్బు. పరోటా మెత్తబడినా సాల్నా పలుచబడినా తినేవాడు రెండుతో ఆపి లేస్తాడు, బాగుంటే నాలుగు తింటాడు. కొట్టు యజమానికి ఆ రోజు రుచి ఎలా ఉన్నదో సాయంత్రపు గల్లాపెట్టె చెబుతుంది. ఎవరూ నోరు తెరిచి ఫిర్యాదు చేయనక్కరలేదు. ఆకు మీద మిగిలినదీ, బిల్లులో తగ్గినదీ చాలు.

భోజనం డబ్బు గది అద్దెతోనో ప్రవేశ రుసుముతోనో కలిసి వారం ముందే చేరిపోయినప్పుడు ఈ కబురు వంటింటికి చేరదు. అతిథి రెండు ముద్దలు తిన్నా, ఇరవై ముద్దలు తిన్నా వచ్చే ఆదాయం ఒక్కటే. తక్కువ తింటే వంటశాలకు ఖర్చు కూడా కలిసి వస్తుంది. పరోటా కొట్టులో ఎక్కువ తినేవాడు మంచి గిరాకీ, ప్యాకేజీ భోజనశాలలో అతడే నష్టం. ఒకే వంటవాడిని ఈ చోటి నుండి ఆ చోటికి మార్చినా, మూడు నెలల్లో అతని చేతి వాటం మారిపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

బఫే బల్ల ఎలా అమర్చి ఉంటుందో గమనించినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. పళ్లెం తీసుకోగానే మొదట వచ్చేవి దోసకాయ ముక్కలు, బొరుగుల మిశ్రమం, తరువాత అన్నం, పులిహోర, నూడుల్స్. పళ్లెం ముప్పాతిక నిండిన తరువాత పనీరు, కోడి మాంసం. ఆ గిన్నెల వద్ద మాత్రం ఒక మనిషి గరిట పట్టుకుని నిలబడి ఉంటాడు. మిగిలినవి మనమే వడ్డించుకోవచ్చు, ఆ రెండూ ఆయన వడ్డిస్తాడు. దీనిని మోసం అనడానికి వీలులేదు. తలకు ఇంత అని ముందుగా ధర కట్టిన ఏ వంటశాల అయినా చేసే లెక్క ఇది. సగటు మనిషి ఎంత తింటాడో చూసి ధర నిర్ణయిస్తారు, ఆ సగటును కిందికి దించడానికి ప్రయత్నిస్తారు. ఆ లెక్కలో రెండు ఇడ్లీలతో తృప్తి పడే అవ్వ, నాలుగు పళ్లేలు లాగించే మనవడి ఖర్చును కొంత మోస్తుంది.

రుచిలో వచ్చే మార్పు మరొకటి ఉన్నది. ఎవరు ఎప్పుడు వచ్చినా గొడవ రాకుండా ఉండాలంటే అందరికీ కాస్త నచ్చేది, ఎవరికీ పూర్తిగా నచ్చకపోయినా తిరగబడనిది వండాలి. కారం తగ్గుతుంది, ఋతువుతో పని ఉండదు, ఆ ఊరి వంట మాయమవుతుంది. కొచ్చిలో తిన్నా హైదరాబాదులో తిన్నా అదే బఠాణీ కూర, అదే గులాబ్‌జామ్. విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరుకే చెందిన విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన తీరు తెలుగు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. వానాకాలంలో వరుగులు, వడియాలు, వేసవిలో తియ్యని చారు, కొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ, చలికాలంలో మిరియాల కూరలు, ఆవ పచ్చళ్లు. ఆయన ఎవరి వద్దా డబ్బు తీసుకోలేదు కనుక పోలిక పూర్తిగా కుదరదు. అయినా వచ్చినవాడి ఆకలిని, బయటి వాతావరణాన్ని చూసి వండడం ఎలా ఉంటుందో దానివల్ల తెలుస్తుంది.

కట్టిన డబ్బు కంటికి కనబడదు

ముందుగా కట్టడం వల్ల తినేవారి మనసులో వచ్చే మార్పును ఆర్థిక శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టయిన్ అనే ఇద్దరు 1998లో ప్రచురించిన పరిశోధనలో ఒక చక్కని తేడాను చూపారు. బట్టలు ఉతికే యంత్రం వంటి వస్తువులకు జనం తరువాత కట్టడానికి ఇష్టపడతారు, విహారయాత్రకు మాత్రం ముందే కట్టడానికి ఇష్టపడతారు. ముందే కట్టిన సుఖం అనుభవించే వేళకు ఉచితంగా వచ్చినట్లు తోస్తుంది. వెళ్లిన చోట మనసు తేలికగా ఉంటుంది.

ఆ తేలికదనం నిజమైన సుఖమే, దానికి ధర కట్టినా తప్పులేదు. అయితే దానితోపాటు వచ్చే మరొక గుణాన్ని రిచర్డ్ థేలర్ (2017లో అర్థశాస్త్రంలో నోబెల్ పొందినవారు) తన రచనలలో ఎన్నో విధాలుగా వివరించారు. ఒకసారి డబ్బు పోయిన తరువాత దానిని వదులుకోలేక, ఇష్టం లేకపోయినా వాడుకోవడం. ప్యాకేజీలో మధ్యాహ్నం భోజనం ఉన్నది కనుక, ఎదురుగా మంచి హోటలు కనబడినా పార్కు భోజనశాలలోనే తినడం. ఉప్పు చాలకపోయినా "డబ్బు కట్టేశాం కదా" అని తినేయడం. కొట్టు బాగుండకపోతే లేచిపోయే స్వేచ్ఛే తినేవాడి చేతిలోని అసలు ఆయుధం, దానిని ప్రయాణానికి ముందే ఇంట్లో వదిలి బయలుదేరినట్లవుతుంది.

డిస్నీ వరల్డ్ అనుభవం

ఈ విషయంలో ప్రపంచమంతటా ఎక్కువగా చర్చకు వచ్చినది అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ భోజన పథకం. ఫ్లోరిడాలోని ఓర్లాండో దాపున 1971లో తెరిచిన ఈ వినోద నగరం 2005లో తన హోటళ్లలో దిగేవారికి ఈ పథకాన్ని విస్తృతంగా అమ్మడం మొదలుపెట్టింది. రాత్రికి ఇంత అని కడితే తలకు కొన్ని "క్రెడిట్లు" ఇస్తారు. కూర్చుని తినే భోజనానికి ఒకటి, కౌంటరు వద్ద తీసుకునే భోజనానికి ఒకటి, చిరుతిండికి ఒకటి.

క్రెడిట్ అనే ఈ ఏర్పాటులోనే చిక్కంతా ఉన్నది. ఒక క్రెడిట్‌తో కూరగాయల పాస్తా తీసుకున్నా, అన్నిటికంటే ఖరీదైన మాంసపు వంటకం తీసుకున్నా చెల్లేది ఒకటే. అందువల్ల ఇంటి వద్ద ఎన్నడూ అంత మాంసం తిననివారు కూడా లాభం రావాలని ఖరీదైనదే అడగడం మొదలుపెట్టారు. మొదట్లో భోజనంతోపాటు ముందు వడ్డించే వంటకం, సర్వరుకు ఇచ్చే టిప్పు కూడా పథకంలోనే ఉండేవి. 2008లో ఆ రెంటినీ తొలగించారు. ఖర్చు పెరిగినప్పుడు ముందుగా కట్టించుకున్నవారు ధర పెంచడంతో సరిపెట్టుకోరు, ఆకు మీది పదార్థాలను తగ్గిస్తారు అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గిరాకీ తక్కువగా ఉండే నెలల్లో గది తీసుకున్నవారికి ఈ పథకాన్నే ఉచితంగా ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. దానితో భోజనశాలలు కిక్కిరిశాయి, నెలల ముందుగా బల్ల కేటాయించుకోవలసిన పరిస్థితి వచ్చింది. ఇప్పుడు కూడా పేరున్న భోజనశాలలకు 60 రోజుల ముందు నుండి కేటాయింపు మొదలవుతుంది. చెప్పిన వేళకు రాకపోతే సాధారణంగా తలకు 10 డాలర్ల రుసుము పడుతుంది. తరచుగా వెళ్లేవారు చెప్పుకునే ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడి నుండే పుట్టింది: ఎలాగూ బల్లలన్నీ నిండుతున్నప్పుడు వంటకాలు ఒకదానిని మరొకటి పోలి ఉన్నాయనీ, ప్రత్యేకతతో వండే చోట్లు తగ్గాయనీ, పథకంలో చూపిన లాభం నిజమనిపించడానికి విడి ధరలను కూడా పెంచారనీ వారి మాట. విడి ధర ఎంత పెరిగితే పథకం అంత చవకగా కనబడుతుంది కనుక ఆ అనుమానాన్ని కొట్టివేయడం కష్టం.

అయితే నింద అంతా పథకం మీదనే వేయడం కూడా సరికాదు. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో పార్కు మూతబడినప్పుడు పథకం ఆగింది, మళ్లీ 2024 జనవరి 9న గాని మొదలు కాలేదు. పార్కు తెరిచినా పథకం లేని ఆ మూడున్నర ఏళ్లలో అక్కడి వంట అమాంతం మెరుగుపడిందని ఎవరూ పండుగ చేసుకోలేదు, ధరలు కూడా దిగలేదు. ఊరికి దూరంగా, చుట్టూ మరో దుకాణం లేకుండా, లోపలికి వచ్చినవాడు సాయంత్రం వరకు బయటికి పోని చోట వంటశాలకు పోటీ అంటూ ఉండదు. ముందస్తు డబ్బు ఆ సోమరితనాన్ని పెంచుతుందే గాని, దానికి మూలం ఆ కట్టుబాటులోనే ఉన్నది.

మన కుటుంబాలకు అందులో మరొక నష్టం ఉన్నది. 2024లో తిరిగి వచ్చినప్పుడు కూర్చుని తినే భోజనం ఉన్న పథకానికి పెద్దలకు రాత్రికి 94.28 డాలర్లు, 3 నుండి 9 ఏళ్ల పిల్లలకు 29.69 డాలర్లు ధర పెట్టారు. ఒకే గదిలో దిగినవారంతా అదే పథకం తీసుకోవాలి. శాకాహారులైన ఇద్దరు పెద్దలు నాలుగు రాత్రులు ఉంటే వారి వంతే 754 డాలర్లు దాటుతుంది. మాంసాహారపు ఖరీదును బట్టి కట్టిన ధర అది. వారు తినేది అన్నం, పప్పు, కాసిని కూరగాయలు. పైగా వాడని క్రెడిట్లు గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రితో చెల్లిపోతాయి. అందుకే చివరి సాయంత్రం మిగిలిన చిరుతిండి క్రెడిట్లతో సంచి నిండా మిఠాయిలు కొనుక్కుని విమానం ఎక్కడం అక్కడ ఒక ఆనవాయితీ అయింది. మన తాతలు చూస్తే, ఊరి సంతలో చివరి గంటన మిగిలిన వంకాయలు మూటకట్టుకున్నట్లే ఉన్నదని నవ్వేవారు.

మెస్ కార్డు ఎందుకు చెడిపోదు?

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం రావాలి. ఇంజనీరింగ్ కళాశాల, మిల్లులు, అగ్గిపెట్టెల పరిశ్రమ ఉన్న కోవిల్‌పట్టి వంటి ఊళ్లలో ఒంటరిగా ఉండే ఉద్యోగులు, విద్యార్థులు నెల మొదట్లోనే మెస్‌కు డబ్బు కట్టి కార్డు తీసుకోవడం కొత్త కాదు. అది కూడా ముందస్తు భోజనమే. అయినా మంచి మెస్‌లో సాంబారు ఏళ్ల తరబడి ఒకే రుచిలో ఉంటుంది.

తేడా మరుసటి నెల ఒకటవ తేదీలో ఉన్నది. మెస్ నడిపే అమ్మ ఈ నెల డబ్బు చేతికి అందినా, వచ్చే నెల కార్డు మళ్లీ అమ్ముకోవాలి. కూటు పలుచబడితే ఇరవై మంది విద్యార్థులు కలిసి పక్క వీధి మెస్‌కు మారతారు, వారి వెంట గదిలోని స్నేహితులు కూడా పోతారు. ఆమెకు వారి ముఖాలు, ఊళ్లు, ఎవరికి పెరుగు పడదో కూడా తెలుసు. పైగా రేపు ఎంతమంది వస్తారో ముందే తెలియడం వల్ల కూరగాయలు లెక్కగా కొనవచ్చు, పాచి అన్నం మిగలదు, నూనె మళ్లీ మళ్లీ కాచనక్కరలేదు. ముందస్తు డబ్బు ఇక్కడ వంటకు మేలే చేస్తుంది. వినోద పార్కుకు ఈ రెండో సగం లేదు. సాత్తూరు నుండి వెళ్లిన కుటుంబం మళ్లీ ఆ పార్కుకు నాలుగైదేళ్ల తరువాత వస్తుందో రాదో. వచ్చినా ఊయలల కోసం, నీటి జారుడుబల్లల కోసం వస్తుంది, భోజనం గుర్తు పెట్టుకుని రాదు.

తినేవారి చేతిలో డబ్బు లేనప్పుడు ఆ స్థానంలో మరొక కాపలా పెట్టవచ్చుననడానికి ఈ ప్రాంతమే సాక్ష్యం. విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో కోవిల్‌పట్టికి దగ్గరలోని ఎట్టయాపురంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి శ్రీకారం చుట్టారు. అక్కడ తినేవారు డబ్బు కట్టరు, కట్టేవారు తినరు. నిర్లక్ష్యానికి అన్నివిధాలా అవకాశం ఉన్న ఏర్పాటు అది. అందుకే దేశమంతటా అమలవుతున్న నిబంధనలలో, పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయుడు సహా పెద్దలు రుచి చూడాలన్న షరతు చేర్చారు. పార్కు భోజనశాలలో అలా రుచి చూసి సంతకం పెట్టేవారు లేరు.

రైలులో ఒక మంచి మార్గం కనబడుతుంది. చెన్నై ఎగ్మూరు నుండి తిరునెల్వేలికి 2023 సెప్టెంబరులో మొదలై విరుదునగర్‌లో ఆగే వందేభారత్‌లోనూ, 2024 ఆగస్టులో నాగర్‌కోవిల్‌కు మొదలై కోవిల్‌పట్టిలో ఆగే వందేభారత్‌లోనూ టికెట్టు తీసుకునే వేళ భోజనం వద్దని చెప్పే వీలు ఉన్నది, ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. వద్దని చెప్పగలిగే వీలు ఉన్నప్పుడు ఎంతమంది వద్దన్నారన్న అంకె కూడా పుడుతుంది. పరోటా కొట్టు గల్లాపెట్టె చెప్పే కబురే అది.

బుక్ చేసే ముందు

గది అద్దెలతోపాటు హోటళ్లవారు వాడే పొట్టి మాటలు చాలామందిని తికమక పెడతాయి. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గది, ఉదయపు ఫలహారం. మ్యాప్ లేదా ఎంఏపీ అంటే గది, ఫలహారం, మధ్యాహ్నం లేదా రాత్రి ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా భోజనం కలిసినది (ఆంధ్రప్రదేశ్ భోజనం దొరుకుతుందని ఆశపడకూడదు). కొడైకానల్, మున్నారు, కేరళ పడవ ఇళ్ల ధరల పక్కన ఈ అక్షరాలే ఉంటాయి. ఒకే గదికి రెండు ధరలు చూపినప్పుడు వాటి మధ్య తేడాను తలల సంఖ్యతోనూ, అదనంగా కలిసే పూటల సంఖ్యతోనూ భాగిస్తే ఒక పూట భోజనానికి ఎంత కడుతున్నామో తేలుతుంది. ఆ మొత్తం బయట మంచి హోటలులో అరిటాకు భోజనం ధరకు రెండింతలు దాటితే ఆలోచించవలసిందే.

ఉదయపు ఫలహారం కలిపి తీసుకోవడం చాలాచోట్ల లాభమే. ఇడ్లీ, పొంగలి, పూరీ వంటి వాటిలో చెడగొట్టడానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లలను తయారు చేసి బయటికి తీసుకుపోయే తొందరలో హోటలు వెతకనక్కరలేదు. రాత్రి భోజనం మాత్రం విడిగా ఉంచుకోవడం మంచిది, ఊరిలో తిరిగిన తరువాత ఎక్కడ ఏది బాగుంటుందో తెలుస్తుంది. పార్కు లోపల మధ్యాహ్నం సంగతి వేరు. చాలా పార్కులలో బయటి ఆహారాన్ని లోపలికి రానివ్వరు కనుక, భోజనం కలిపిన టికెట్టు ధరనూ కలపని టికెట్టు మీద లోపల విడిగా కొంటే అయ్యే ఖర్చునూ పోల్చి చూసుకోవాలి. భోజనశాలలు ఒకటికి రెండు ఉండి, కూపను దేనిలోనైనా చెల్లితే ముందుగా కట్టినా నష్టం తక్కువ. ఒకే శాలలో, ఒకే గంటలో తినాలన్న షరతు ఉంటే అక్కడ ఆకు మీద ఏం పడుతుందో ఊహించుకోవచ్చు.

పెద్దవారికి, పసిపిల్లలకు వేరు ధర ఉన్నదా, ఉప్పు కారం తగ్గించిన పెరుగన్నం అడిగితే ఇస్తారా, తినకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అన్నవి ఫోనులో అడిగి, వారి జవాబును సందేశంగా పంపమనడం మేలు. బస్సు మాట్లాడుకుని బడిపిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులు ప్యాకేజీలో "లంచ్" అన్న ఒక్క మాటతో తృప్తి పడకుండా వంటకాల పేర్లు రశీదు మీద రాయించుకోవాలి. మొత్తం డబ్బు ముందే ఇవ్వక, భోజనం వంతు కొంత ఆ రోజు తిన్న తరువాత ఇస్తామంటే ఏజెంట్లలో చాలామంది ఒప్పుకుంటారు. చెప్పినది ఒకటి, వడ్డించినది మరొకటి అయినప్పుడు రశీదు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. రాయించుకున్న వంటకాల పేర్లు అప్పుడు పనికి వస్తాయి.